మా నర్సరీ వెబ్‌సైట్‌కి తగులుకున్న చెత్త లింకులు, వాటి పేరు చెప్పి జరుగుతున్న బేరం

ఎడిటర్ గారికి నమస్కారమండి,

మొన్న మీ జిల్లా పేజీల్లో మన గోదావరి జిల్లాల్లో చిన్న చిన్న వ్యాపారస్తులు కూడా సొంతంగా వెబ్‌సైట్లు పెట్టుకుని ఆన్‌లైన్లో అమ్ముకుంటున్నారని రాశారు, చదివి చాలా సంతోషమేసింది. కానీ అదే రోజు పేపర్లో లోపల చిన్న ప్రకటనల్లో గూగుల్ మొదటి పేజీ గ్యారంటీ, నెలకి వెయ్యి బ్యాక్‌లింకులు అని ఒక ఫోన్ నంబరుతో ప్రకటన ఉంది. అది చూసేసరికి నాకు గుండె ఝల్లుమంది. సరిగ్గా అలాంటి మాటే నమ్మి మేము ఏడాది నరకం చూశాం, తొలకరి సీజను సగం పోగొట్టుకున్నాం, డబ్బు కంటే పెద్దది ఇంకోటి కూడా పోయేదే, కొద్దిలో తప్పింది, అది కింద రాస్తాను. ఉత్తరం పెద్దదైపోతోంది, కత్తిరించుకోండి గానీ ఫలానా లింకులని మా లెక్కలో వెయ్యకండని గూగుల్‌కి చెప్పుకునే డిసవౌ టూల్ గురించి రాసిన ముక్క మాత్రం ఉంచమని మనవి.

మాది కడియపులంక. మా మావయ్యగారి నాన్నగారు మొదలుపెట్టిన నర్సరీ. నేను బీకాం చదువుకుని ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ముందు లెక్కలు, తర్వాత ఫోన్లు, ఆ తర్వాత వెబ్‌సైట్ నా చేతికొచ్చాయి. 2019లో సైట్ పెట్టాం, మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, పామ్‌లు, హైవే డివైడర్లలో వేసే గన్నేరు, నూరువరహాలు ఇలా ఒక్కోదానికి ఫోటో తీసి, కవరు సైజు ఎంత, మొక్క ఎత్తు ఎంత, లోడుకి ఎన్ని పడతాయి అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి పెట్టాను. 2020లో లాక్‌డౌన్ వచ్చి జనం ఇక్కడికి రాలేకపోయినప్పుడు ఆ సైటే మాకు అన్నం పెట్టిందండి, ఇది ఊరికే అనే మాట కాదు, హైదరాబాద్ చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల వాళ్ళు, రాయపూర్ వైపు లాండ్‌స్కేప్ కాంట్రాక్టర్లు గూగుల్లో వెతికి మా నంబరుకి ఫోన్ చేసేవాళ్ళు. మనిషిని చూడకుండా అడ్వాన్స్ వేసేవాళ్ళు.

బ్యాక్‌లింక్ అంటే తెలీని వాళ్ళ కోసం కాస్త చెప్తాను, వేరే సైట్ వాళ్ళు తమ పేజీలో మన సైట్‌కి పెట్టే లింకే బ్యాక్‌లింక్. మన వైపు ఒక పెళ్ళి సంబంధం వస్తే ఏం చేస్తామండి, ఆ ఊళ్ళో తెలిసినవాళ్ళని నలుగుర్ని వాకబు చేస్తాం, అబ్బాయి ఎలాంటోడు, ఇల్లూ వాకిలీ ఎలా ఉంది అని. గూగుల్ మొదట్నుంచీ చేసేది ఇంచుమించు అదే. 1990ల చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అనే ఇద్దరు, తర్వాత గూగుల్ పెట్టింది వీళ్ళే, పేజ్‌ర్యాంక్ అని ఒక లెక్క పెట్టారు, ఒక పేజీకి వేరే సైట్ల వాళ్ళు ఎంతమంది లింక్ ఇచ్చారు, ఆ ఇచ్చినవాళ్ళ మాటకి ఎంత విలువుంది అని చూసి ఏది ముందు చూపించాలో తేల్చే లెక్క. ఇప్పుడు గూగుల్ చూసేవి ఇంకా చాలా ఉన్నాయి గానీ ఈ వాకబు మాత్రం పోలేదు. మరి వాకబులో అడిగిన నలభై మందీ అక్షరం తేడా లేకుండా ఒకే ముక్క అప్పజెప్పారనుకోండి, వీళ్ళకెవరో నేర్పి పంపారని మనకి తెలిసిపోదూ. గూగుల్‌కీ తెలిసిపోతుంది.

2023 జూన్‌లో ఒకతను వచ్చాడు, ఊరు పేరు కంపెనీ పేరు రాయను. నెలకి 4,000 రూపాయలు, అయిదు వందల బ్యాక్‌లింకులు వేస్తాం, మూడు నెలల్లో మొదటి పేజీ అన్నాడు. మా ఆయన సరే అన్నారు, నేనూ సరే అన్నాను, నా తప్పు కూడా ఉంది. మొదటి రెండు నెలలు నిజంగానే ఫోన్లు పెరిగాయి, అది తొలకరి కాబట్టి పెరిగాయా లింకుల వల్ల పెరిగాయా అని మేము ఆలోచించలేదు, వానలు పడ్డాక మొక్కలకి ఫోన్లు ఎప్పుడైనా పెరుగుతాయి కదా. అతను ప్రతి నెలా ఒక ఎక్సెల్ షీట్ పంపేవాడు, లింకులు పెట్టిన సైట్ల పేర్లన్నీ అందులో ఉండేవి, ఒక్కటి కూడా నేను తెరిచి చూడలేదు. తెరిచి చూసుంటే ఆ రోజే ఆపేసేదాన్ని.

నవంబరు వచ్చేసరికి ఫోన్లు పడిపోయాయి. మా నర్సరీ పేరు కొడితే సైట్ వస్తోంది గానీ కడియం మామిడి అంట్లు అని కొడితే మూడో పేజీలో కూడా లేం. చలికాలం కదా అని నెల రోజులు సరిపెట్టుకున్నాం. మన సైట్ గూగుల్లో ఎలా కనపడుతోందో చూసుకోడానికి గూగుల్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే సెర్చ్ కన్సోల్ అని ఒకటుంది, అందులో మాన్యువల్ యాక్షన్ అనే చోట, అంటే గూగుల్ మనుషులే చూసి సైట్ మీద చర్య తీసుకుంటే చెప్పే చోట, మీ సైట్‌కి అసహజమైన లింకులు ఉన్నాయి అని నోటీసు వచ్చి కూర్చుంది, ఆ నోటీసు మెయిల్‌కి కూడా వచ్చింది, కానీ ఆ మెయిల్ ఐడీ అతను తన పేరు మీద పెట్టుకున్నది. మాకు ఆరు వారాలు తెలీనే లేదు. అందుకని ఇది చదివే ప్రతి ఒక్కళ్ళకీ చెప్తున్నాను, సైట్ పేరు, సైట్‌ని ఉంచే చోటు అంటే హోస్టింగు, సెర్చ్ కన్సోల్ ఇవి మూడూ మీ సొంత మెయిల్‌తో ఉండాలి, ఇంటి దస్తావేజు ఎవరి చేతిలోనో పెట్టం కదా ఇదీ అంతే. పని చేసేవాళ్ళకి వేరేగా యాక్సెస్ ఇవ్వచ్చు, వద్దనుకుంటే తీసేయచ్చు.

ఇక్కడి దాకా మేము చేసుకున్నది. ఆ తర్వాత వచ్చినవాడు ఇంకా ప్రమాదం.

2024 జనవరిలో సంక్రాంతి వెళ్ళిన రెండు రోజులకి ఒక ఫోన్ వచ్చింది, మేడం మీ సైట్ మీద నెగెటివ్ ఎస్‌ఈఓ ఎటాక్ జరుగుతోంది, మీ టాక్సిక్ స్కోరు 78 ఉంది, మీ కాంపిటీటర్ ఎవరో కావాలని మీకు చెత్త లింకులు తగిలిస్తున్నారు అన్నాడు. ఎస్‌ఈఓ అంటే గూగుల్లో సైట్ పైన కనపడేలా చేసే పని, నెగెటివ్ అంటే దాన్ని కిందకి లాగేలా చెయ్యడం. పీడీఎఫ్ పంపాడు, అన్నీ ఎర్ర రంగులో. క్లీనింగుకి 35,000 అన్నాడు. మాకు నోటీసు సంగతి తెలిసింది ఇతని వల్లే, కాబట్టి ఇతను చెప్పిందంతా నిజమే అనుకున్నాం. టాక్సిక్ స్కోరు అనేది గూగుల్ వాళ్ళది కాదండి. బయట కంపెనీలు అమ్ముకునే సాఫ్ట్‌వేర్లు తమ లెక్కలో తాము వేసుకునే మార్కు అది. గూగుల్ మీ సైట్ గురించి ఏమనుకుంటోందో దానికి తెలీదు. ఈ ఒక్క ముక్క ఆ రోజు మాకు ఎవరైనా చెప్పుంటే ఎంత బాగుండేదో.

కాంపిటీటర్ ఎవరో అన్నాడు కదా, ఆ మాట మా ఇంట్లో విషంలా పనిచేసింది. మా పక్క నర్సరీ ఆయన్ని మా మావయ్యగారు బావా అని పిలుస్తారు, చుట్టరికం ఏం లేదు, నలభై ఏళ్ళ అలవాటు. బోరు మోటారు కాలిపోతే వాళ్ళ నీళ్ళు మాకు, వాళ్ళ లోడు నిండకపోతే మా మొక్కలు వేసి పంపడం, కూలీలు దొరక్కపోతే ఒకళ్ళ మనుషుల్ని ఒకళ్ళు పంపుకోవడం ఇలా నడిచిన రెండు ఇళ్ళు. వాళ్ళబ్బాయి కూడా అప్పుడే కొత్తగా వెబ్‌సైట్ పెట్టాడు. ఇంకేం కావాలి. ఆ కుర్రాడే చేసుంటాడు కంప్యూటర్లు బాగా తెలిసినోడు అని మా ఆయన అన్నారు, మావయ్యగారు పైకి ఏమీ అనలేదు గానీ రెండు నెలలు ఆ గట్టు దాటి అటు వెళ్ళలేదు. ఆ పక్కింటి వాళ్ళ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి అత్తయ్యగారు ఒక్కరే వెళ్ళొచ్చారు. ఆ రోజు అత్తయ్యగారు వెళ్ళేటప్పుడు ముఖం నాకింకా గుర్తుంది.

ఆ క్లీనింగ్ అతను సగం డబ్బు తీసుకుని మా సైట్‌కి ఉన్న లింకులన్నీ ఒక ఫైల్లో వేసి గూగుల్‌కి డిసవౌ చేసేశాడు. డిసవౌ అంటే ఈ లింకులతో మాకు సంబంధం లేదు, వీటిని మా లెక్కలో వెయ్యకండి అని చెప్పుకోడం. అన్నీ అంటే నిజంగా అన్నీ. హైదరాబాద్‌లో మిద్దె తోటలు వేసుకునే వాళ్ళు మా దగ్గర మొక్కలు కొని వాళ్ళ సైట్లో మా గురించి రాసిన లింకు, ఒక హార్టికల్చర్ విద్యార్థి అంటు కట్టడం గురించి రాస్తూ మా ఫోటో వాడుకుని ఇచ్చిన లింకు, ఇవి మేము డబ్బిచ్చి తెచ్చుకున్నవి కాదు, అయిదేళ్ళలో ఒక్కొక్కటీ మొక్కలాగే పెరిగినవి, వాటిని కూడా తీసుకెళ్ళి చెత్తలో వేశాడు. వారాలు గడిచాయి, నోటీసు అలాగే ఉంది, ఫోన్లు ఇంకా తగ్గాయి, అతను ఫోన్ ఎత్తడం మానేశాడు.

మార్చిలో మా పిన్ని కొడుకు హైదరాబాద్ నుంచి వచ్చాడు. అక్కా ముందు ఆ కన్సోల్ నీ పేరు మీదకి తెచ్చుకో అన్నాడు. తెచ్చుకున్నాక ఇద్దరం కూర్చుని లింకుల రిపోర్టు డౌన్‌లోడ్ చేశాం, అందులో ఏ సైట్ల నుంచి లింకులు వస్తున్నాయి, లింకు మీద ఏ మాటలు రాసున్నాయి రెండూ ఉంటాయి. ఆ మాటలు చూస్తేనే విషయం అర్థమైపోయింది. నిజంగా మన గురించి రాసేవాళ్ళు మన నర్సరీ పేరు రాస్తారు, లేదా ఇక్కడ చూడండి అని రాస్తారు, ఒక్కొక్కళ్ళు ఒక్కోలా. మాకేమో ఆరు వందల సైట్లలో తక్కువ ధరలో బెస్ట్ మొక్కలు అని ఇంగ్లీషులో ఒకే ముక్క, కామా కూడా తేడా లేదు. ఆ సైట్లు చూద్దుమా, ఒకటి జూదం, ఒకటి అప్పులిచ్చే యాప్‌లు, ఒకటి ఏ భాషో కూడా తెలీదు, అందులో పేజీ అడుగున మా మామిడి అంట్ల లింకు. అప్పుడు నాకు ఆ పాత ఎక్సెల్ షీట్లు గుర్తొచ్చాయి. పక్కపక్కన పెట్టి చూశాం. నెల నెలా మొదటతను పంపిన పేర్లే ఇవి. ఎవరూ మా మీద ఎటాక్ చెయ్యలేదు. మేము డబ్బిచ్చి కొనుక్కున్నవే.

ఆ సాయంత్రమే నేనూ మా ఆయనా పక్కింటికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆ కుర్రాడికి మేము అనుమానించామన్న సంగతి అప్పటికే తెలుసు, ఏడ్చినంత పనిచేశాడు. మావయ్యగారు మర్నాడు పొద్దున్నే గట్టు దాటి వెళ్ళారు. వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారో తెలీదు, పది గంటలకి వాళ్ళ లారీలోకి మా ఫైకస్ మొక్కలు ఎక్కుతున్నాయి. ఎడిటర్ గారూ, పోయిన డబ్బు గురించి నాకు బాధ లేదు. ఒక బిజినెస్ దొరుకుతుందని ముక్కూ మొహం తెలీనివాడు ఫోన్లో మీ పక్కోడే చేశాడు అనేస్తే, నలభై ఏళ్ళ ఇరుగుపొరుగు రెండు నెలలు మాట్లాడుకోకుండా పోయారే, దానికి ఏ టూల్ ఉంది. ఇది నా ఒక్కదాని కథ కాదని తర్వాత తెలిసింది, కొబ్బరి పీచు వ్యాపారం చేసే మా చుట్టాలకి కూడా మాటకి మాట ఇదే ఫోన్, ఇదే ఎర్ర రంగు పీడీఎఫ్.

మా తమ్ముడు చెప్పిన చరిత్ర కూడా రాస్తాను, ఇది తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఒకప్పుడు ఇలా కొన్న లింకులతో నిజంగానే పైకి వచ్చేవాళ్ళట. 2012 ఏప్రిల్‌లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి అలాంటి సైట్లని కిందకి తోసేసింది, అప్పుడే లబోదిబోమన్న వాళ్ళ కోసం అదే ఏడాది అక్టోబరులో ఈ డిసవౌ టూల్ ఇచ్చింది. తర్వాత 2016 సెప్టెంబరులో పెంగ్విన్‌ని మళ్ళీ మార్చి, చెత్త లింకు కనపడితే సైట్ మొత్తాన్ని కిందకి తొయ్యడం కాకుండా ఆ లింకుకి విలువ లేకుండా చేసే పద్ధతికి వచ్చారు. 2022 డిసెంబరులో స్పామ్‌బ్రెయిన్ అనే తమ ఏఐ సిస్టమ్‌ని కూడా లింకుల మీద పెట్టారు, అది లింకులు కొనే సైట్లనీ, లింకులు అమ్ముకోడానికే పెట్టిన సైట్లనీ కూడా పట్టుకుంటుంది. అంటే ఏంటి, ప్రతి సైట్‌కీ ఎక్కడెక్కడి నుంచో పిచ్చి లింకులు వస్తూనే ఉంటాయి, మన కాలవలోకి ఎగువ నుంచి గుర్రపు డెక్క కొట్టుకొచ్చినట్టు, దాన్ని మనం వెయ్యలేదు, అలాంటివి చాలావరకు గూగుల్ తనంతట తనే పక్కకి నెట్టేస్తుంది. లిస్టులో తెలీని సైటు పేరు కనపడిందని గాభరా పడక్కర్లేదు. ప్రమాదమంతా మనం కొన్న వాటితోనూ, మన తరఫున ఇంకొకళ్ళు కొన్న వాటితోనూ. గూగుల్ లాంటిదే ఇంకో సెర్చ్, బింగ్ వాళ్ళైతే 2023లో తమ డిసవౌ టూల్‌ని తీసే పారేశారు, ఇక దాని అవసరం లేదని.

గూగుల్ కూడా తన సాయం పేజీలో స్పష్టంగా రాసింది, చాలా సైట్లకి ఈ టూల్ అవసరమే ఉండదు, మాన్యువల్ యాక్షన్ వచ్చినప్పుడో, కొన్న లింకుల వల్ల రాబోతోందని తెలిసినప్పుడో మాత్రమే వాడండి, తప్పుగా వాడితే మీ సైట్‌కే నష్టం అని. మా నర్సరీ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే మామిడి అంటు ఉంటుంది కదండీ, అంటు కట్టిన చోటుకి కింద నుంచి మొదలు పిలకలు వేస్తుంది, వాటిని తీసెయ్యాలి, లేకపోతే బలమంతా అవే లాగేస్తాయి. కానీ కొత్త కూలీకి కత్తి ఇస్తే పిలక అనుకుని అంటునే కోసేస్తాడు, ఇంక ఆ మొక్క పుల్ల మామిడే. మాకు జరిగింది అదే.

ఇక మేము ఎలా బయటపడ్డామో. లింకులున్న సైట్లని ఒక్కొక్కటీ తెరిచి చూశాం, రోజూ రాత్రి భోజనాలయ్యాక రెండు గంటలు, దాదాపు నెలన్నర. మంచివి ఇటు, కొన్నవి అటు, తేలనివి మధ్యలో. మధ్యలోవి ముట్టుకోలేదు. కొన్నవాటిలో ఎక్కడైతే మెయిల్ అడ్రసు దొరికిందో అక్కడికల్లా దయచేసి మా లింకు తీసెయ్యండి అని రాశాం, పదకొండు మంది తీశారు, కొంతమంది తియ్యాలంటే డబ్బులివ్వండి అన్నారు, ఇవ్వలేదు, మీరు కూడా ఇవ్వద్దు. రాసిన ప్రతి మెయిలూ తేదీతో సహా షీట్లో పెట్టుకున్నాం. ఎవరూ పలకని సైట్లని డిసవౌ ఫైల్లో పెట్టాం. ఆ ఫైల్ మామూలు నోట్‌ప్యాడ్ టెక్స్ట్ ఫైల్, వరుసకి ఒక్కటి, మొత్తం సైట్‌ని తీసెయ్యాలంటే ఇంగ్లీషులో డొమైన్ అని రాసి కోలన్ పెట్టి పక్కనే సైట్ పేరు. లక్ష వరుసలు, 2 ఎంబీ దాటకూడదు, మామూలు వ్యాపారానికి అంత అవసరం ఎక్కడ పడుతుంది. ఇంకోటి, కొత్త ఫైల్ ఎక్కిస్తే పాత ఫైల్ పోయి దాని స్థానంలో ఇది వస్తుంది. అందువల్లే ఆ క్లీనింగ్ అతను పోగొట్టిన మంచి లింకులు మాకు తిరిగొచ్చాయి, మా ఫైల్లో వాటి పేర్లు లేవు కాబట్టి. ఈ సంగతి తెలీక చాలామంది అయిపోయింది ఇంక ఏం చెయ్యలేం అనుకుంటారు. ఇంకో చిన్న చిక్కు కూడా వచ్చింది, కన్సోల్లో మా సైట్ డొమైన్ ప్రాపర్టీగా, అంటే ముందు హెచ్‌టీటీపీఎస్ లేకుండా ఉత్త సైట్ పేరుతో, పెట్టి ఉండటంతో ఈ టూల్లో అసలు కనపడలేదు, హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి అడ్రసుతో ఇంకోసారి యాడ్ చేసుకుంటే అప్పుడొచ్చింది.

ఫైల్ ఎక్కించగానే అయిపోదు. నోటీసు ఎత్తెయ్యమని రీకన్సిడరేషన్ రిక్వెస్ట్ అని ఒకటి పెట్టాలి, అర్జీ లాంటిది. ఏప్రిల్ ఆఖర్లో పెట్టాం, ఒప్పుకోలేదు, ఇంకా ఉన్నాయి చూడండి అని మచ్చుకి కొన్ని లింకులు ఇచ్చి తిప్పి పంపారు. చూస్తే నిజమే, కొన్ని పేజీలు మేము వదిలేశాం. మళ్ళీ కూర్చున్నాం. రెండోసారి రాసినప్పుడు మా తమ్ముడు, అక్కా ఎవరో చేశారని రాయకు, మేమే డబ్బిచ్చాం, ఆపేశాం, ఇన్ని తీయించాం, ఇన్ని తీయించలేకపోయాం అని ఉన్నది రాయి అన్నాడు. అలాగే రాశాను, షీటు లింకు కూడా పెట్టాను. జులై ఆఖరికి నోటీసు తీసేశామని మెయిల్ వచ్చింది, ఈసారి నా మెయిల్‌కే. అప్పటికి తొలకరి సగం వెళ్ళిపోయింది.

నోటీసు పోతే పాత స్థానం వచ్చేస్తుందని మాత్రం అనుకోకండి, ఇది నిజాయితీగా చెప్పాలి. లింకులు కొన్న మొదటి రెండు నెలలు మేము చూసిన ఎత్తులో ఎంతో కొంత దొంగ లింకుల బలం ఉండొచ్చు, అవి పోయాక ఆ బలమూ పోతుంది. ఇప్పుడిప్పుడే మెల్లగా వస్తున్నాం. నేను వారానికొకటి రాస్తున్నాను, కొబ్బరి మొక్క ఎంచుకునేటప్పుడు మెడ దగ్గర ఏం చూడాలి, లారీలో వెళ్ళిన మొక్కని దించగానే నేలలో పెట్టకుండా నీడలో ఎందుకు ఉంచాలి, కవరు ఎలా కొయ్యాలి ఇలాంటివి. మా మావయ్యగారు చెప్తారు నేను టైపు చేస్తాను. వాటికి అడక్కుండానే లింకులు వస్తున్నాయి, తక్కువే, కానీ వచ్చినవి మనుషులు ఇచ్చినవి.

ఇంకో రెండు సంగతులు తొందరగా చెప్పేస్తాను. నరసాపురం వైపు లేసు అల్లికలు అమ్ముకునే మా స్నేహితురాలి సైట్ కూడా పడిపోయింది, అందరూ బ్యాక్‌లింకులు బ్యాక్‌లింకులు అన్నారు, కానీ గూగుల్లో సైట్ అని ఇంగ్లీషులో కొట్టి కోలన్ పెట్టి పక్కన ఆవిడ సైట్ పేరు కొడితే ఆవిడ ఎప్పుడూ రాయని వేల పేజీలు వచ్చాయి, అన్నీ వేరే భాషలో మందుల అమ్మకాలు. అది బయట లింకుల గొడవ కాదు, సైట్‌లోకే దొంగలు దూరారు, సైట్‌కి తగిలించుకునే ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఏళ్ళ తరబడి అప్‌డేట్ చెయ్యలేదు, దాన్లోంచి. దానికి వైద్యం వేరు, డిసవౌ అక్కడ ఎందుకూ పనికిరాదు. రెండోది, డబ్బు పంపకపోతే మీ సైట్‌కి పదివేల బూతు లింకులు తగిలిస్తాం అని బెదిరిస్తూ మెయిల్స్ వస్తున్నాయి, మా చుట్టాల్లో ఒకళ్ళకి వచ్చింది. అలాంటివాళ్ళకి జవాబు ఇవ్వద్దు, పైసా పంపొద్దు, ఆ మెయిల్ చెరపకుండా దాచుకుని సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి, ఇప్పటికే డబ్బు పంపేసి ఉంటే గంట కూడా ఆగకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

ఎడిటర్ గారూ, మా ఊరు అని కాదు, ఆత్రేయపురంలో పూతరేకులు చుట్టే ఆడవాళ్ళు, ఉప్పాడ చీరలు నేసేవాళ్ళు, దిండి వైపు గదులు అద్దెకిచ్చేవాళ్ళు అందరూ ఇప్పుడు ఈ దారిలోకి వస్తున్నారు, వాళ్ళకి మగ్గం గుంటలో కూర్చోడం తెలుసు, రేకు తియ్యడం తెలుసు, సెర్చ్ కన్సోల్ తెలీదు, తెలియాల్సిన అవసరం మొన్నటి దాకా లేదు కూడా. అందుకని మిమ్మల్ని రెండు అడుగుతున్నాను. ఒకటి, మొదటి పేజీ గ్యారంటీ, వేల లింకులు అని వచ్చే ప్రకటనలు దయచేసి వేసుకోకండి, మొదటి స్థానం ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగుల్ తనే రాసింది, కాబట్టి ఆ ప్రకటనలో మొదటి ముక్కే అబద్ధం. మీ పేపర్లో వచ్చిందంటే మా మావయ్యగారి లాంటివాళ్ళు నిజమని నమ్ముతారు, పేపరు మీద వాళ్ళకున్న నమ్మకం అలాంటిది. రెండోది, జిల్లా పేజీలో వారానికి ఒక చిన్న బాక్సు ఇవ్వండి, వెబ్‌సైట్ ఉన్న చిన్న వ్యాపారులు ఏం చూసుకోవాలో మామూలు తెలుగులో. మన వైపు ఇన్ని ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి, ఆ పిల్లల చేత రాయించొచ్చు, రాసేవాళ్ళు దొరక్కపోతే నేను రాస్తాను, పక్క నర్సరీ అబ్బాయి కూడా రాస్తానన్నాడు.

మా ఆరు వందల సైట్ల షీటు, మేము రాసిన అర్జీ రెండూ దాచి ఉంచాను. ఇదే ఇబ్బందిలో ఉన్నవాళ్ళు ఎవరైనా మీ ఆఫీసుకి రాస్తే వాళ్ళ ఉత్తరం మాకు పంపండి, ఎలా నింపాలో కూర్చుని చూపిస్తాం, డబ్బులేం వద్దు. మధ్యాహ్నం రెండు తర్వాత అయితే బాగుంటుంది, పొద్దున్న లోడింగులు ఉంటాయి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కడియపులంక, తూర్పు గోదావరి జిల్లా